రొట్టెల వ్యాను కిటికీ

కాసేపు నడుం వాల్చి వస్తానని చెప్పి వ్యానెక్కి తలుపేసుకుందే గానీ, లీగో పండుగ సాయంత్రం నడుం వాల్చడమంటే కోరి నలుగురి నోట్లో పడటమేనని ఔస్మాకి తెలియనిదా. ఏడాదిలో అన్నిటికన్నా పొట్టిదైన ఈ ఒక్క రాత్రి, పొద్దు పొడిచేదాకా ఎవరూ రెప్ప వెయ్యకూడదు. వేశారా, ఆడవాళ్ళంతా చుట్టూ చేరి పాట కట్టి పరువు తీసిపారేస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆ పాటలు కట్టింది మరెవరు, తనే కదా. ఇవాళ మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఆ అనకపోవడమే ప్రాణాలు తోడేస్తోంది. పొద్దుటినుంచీ అందరూ తన చుట్టూ నిండు పాలగిన్నె మోస్తున్నట్టు నడుస్తున్నారు. బీరు పీపా దొర్లించుకొచ్చిన లైమోనిస్, పాతికేళ్ళుగా తనని చూడగానే ఏదో ఒక కూత కూయకుండా ఊరుకోని ఆ లైమోనిస్, టోపీ తీసి పట్టుకుని "బాగున్నావా ఔస్మా" అన్నాడు, చర్చి గుమ్మంలో పలకరించినట్టు. బాగున్నానయ్యా, నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను. కిటికీ తెర సందులోంచి వచ్చిన ఎండ పరుపుమీద పడుతోంది, సముద్రంలోకి దిగడానికి సూర్యుడికి ఇంకా బోలెడు దూరముంది, మునిగేలోపు మంట అంటించాలి, అప్పుడు అందరూ పిలుస్తారు, అప్పుడు లేచి వెళ్ళాలి. వెళ్ళి ఏం చెయ్యాలో తలుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ ఏడు సముద్రపు ఒడ్డుకి పండక్కి రానని ఏప్రిల్‌లోనే ఖరాఖండీగా చెప్పేసింది. బైబా వింటే కదా. బైబా ఆడపడుచు, మొగుడు ఊల్దిస్‌కి ఒక్కతే చెల్లెలు, కుల్దీగ ఊరి చివర గొర్రెలు పెంచుకుంటూ ఒంటరిగా బతుకుతుంది, గొర్రెల్ని అదిలించీ అదిలించీ మనుషులతో కూడా అదే గొంతుతో మాట్లాడుతుంది. ఇవాళ పొద్దున్నే వచ్చి వ్యాను తాళంచెవి వేలికి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

"వస్తే రా, లేదంటే ఈ డొక్కు వ్యానుని నేనొక్కదాన్నే తోలుకుపోతా వదినా. దార్లో ఏ చెట్టుకో గుద్దేసి చచ్చాననుకో, ఆ పాపం నీదే."

"నీకు గేర్లే సరిగ్గా రావు కదే."

"మరందుకే చెప్తున్నా."

అలా ఎక్కింది. దారి పొడుగునా బైబా గేరు మార్చినప్పుడల్లా వ్యాను కడుపునొప్పొచ్చిన గొడ్డులా మూలిగింది. మూలిగినప్పుడల్లా ఔస్మా చెయ్యి దానంతటదే సీటు పక్కకి వెళ్ళింది, అక్కడుండాల్సిన మోకాలి కోసం. పదవే ముసలిదానా, పద, అని ఎత్తు ఎక్కేటప్పుడు అనేవాడు ఊల్దిస్. వ్యానుతో అన్నాడో తనతో అన్నాడో ఎప్పుడూ తేల్చి చెప్పేవాడు కాదు, నిలదీస్తే, ఇద్దరూ నా మాట వినరు, ఎవరికి తగిలితే వాళ్ళకే, అనేవాడు. పిల్లల్లేని ఇంట్లో ఈ వ్యానుకే ముద్దూ మురిపెమూ అన్నీ జరిగాయి. ఎండెక్కితే ఇప్పటికీ ఇందులో రై రొట్టె వాసన వస్తుంది, అదిగో ఇప్పుడూ వస్తోంది. తలగడ కిందనించీ, చెక్కల సందుల్లోంచీ, పుల్లగా, కమ్మగా.

రొట్టెల వ్యానే ఇది. పట్నంలో బేకరీ ఉన్నన్నాళ్ళూ దీన్ని తోలింది ఊల్దిసే. కోడి కూడా లేవని వేళ లేచి, చలికాలంలో అద్దంమీది మంచు గోకి, పల్లె పల్లెకీ తిరిగి కొట్ల ముందు వేడి వేడి రొట్టెల బుట్టలు దించేవాడు. బేకరీ మూసేసిన రోజున అందరూ జీతాల గురించి గొడవపడుతుంటే, ఈయనగారు వ్యానిచ్చేయండి చాలన్నాడు. ఇంటికి తెచ్చి పెరట్లో పెట్టి ఆ ఎండాకాలమంతా దాన్ని విడవలేదు. రొట్టెల అరలు పీకి మంచం చేశాడు, బర్చ్ చెక్కలు కొట్టాడు, వాన పడితే రేకుమీద చప్పుడుకి నీకు నిద్రపట్టదే అని చెప్పి బైబా గొర్రెల ఉన్ని మూటలు మూటలుగా తెచ్చి రేకుకీ చెక్కకీ మధ్య కుక్కాడు, కప్పులో కూడా, తలుపులో కూడా. నెల రోజులపాటు ముక్కులో ఉన్నే, జుట్టులో ఉన్నే, సూపులో ఉన్నే. మంచం తలవైపు చిన్న కిటికీ పెట్టాడు, పక్కకి జరిపే అద్దంతో, దానికీ ఒకదాని వెనక ఒకటి రెండు అద్దాలు. ఎవరైనా పిలిస్తే లేవకుండానే జవాబు చెప్పడానికి పెట్టించుకున్నావటయ్యా బద్ధకస్తుడా అని తను దెప్పింది. అవును, దానికే, అన్నాడు. దానికే అయింది.

మంచం కింద రొట్టెల ట్రే ఒకటి మిగిలింది. అందులో, తువ్వాలు చుట్టి, అది ఉంది. దానిమీద పడుకుని దాన్ని గురించి ఆలోచించకుండా ఉండాలని చూస్తోంది ఔస్మా, ఎలా ఉంటుంది. పోయినేడు ఊల్దిస్ తలకి పెట్టిన ఓక్ ఆకుల కిరీటం. లీగో కిరీటాన్ని ఏడాదంతా ఇంట్లో గోడకి తగిలించుకుంటారు, ఇంటికి మంచిదని, పిడుగు పడదని. మరుసటి లీగో మంట రాగానే అందులో వేసేస్తారు, పాత ఏడాది దాంతోనే పోవాలని. తనూ వేసేది, ఏటేటా రెండూ కలిపి ఒక్క విసురుతో, తన పూలదీ అతని ఆకులదీ, ఏముంది ఎండుటాకులే కదా. మధ్యాహ్నం బైబా చీజ్ ముద్ద కోస్తూ, షాజీరా గింజలు వేలికంటినవి నాక్కుంటూ, తలెత్తకుండానే అడిగింది, అన్నయ్య కిరీటం తెచ్చావా అని. మర్చిపోయాను, అంది ఔస్మా. గోడకే ఉండిపోయింది. బైబా కత్తి ఆగింది. ఎంత మాటైనా మొహమ్మీదే అనేసే బైబా, ఇంకో ముక్క కోసి చేతిలో పెట్టి, తిను, అంది, అంతే. అబద్ధమని తెలిసిపోయిందన్నమాట. తెలిస్తే తెలియనీ. ఆ కిరీటం లోపలివైపు ఆకుల్లో రెండు నెరిసిన వెంట్రుకలున్నాయి, చలికాలమంతా దీపం కింద పెట్టుకుని చూసింది. వాటిని మంటలో వెయ్యమంటారా. ఎవరికైనా మనసెలా వస్తుంది.

పైగా పొద్దున ఆ నిర్వాకం ఒకటి. ఆడవాళ్ళందరూ గడ్డిలో కూర్చుని కిరీటాలల్లుతున్నారు, ఆడవాళ్ళకి పూలు, మగవాళ్ళకి ఓక్ ఆకులు. ఎవరో ఏదో చెప్తున్నారు, పాల ధర గురించో ఏదో, తను ఊ కొడుతూ చేతికందిన కొమ్మ తీసుకుని అల్లుకుంటూ పోయింది. ఇంత చాలు అని చేతులే అనుకుని, ముడేసి, నారతో బిగించి, ఎత్తి చూసేసరికి ఓక్ ఆకులది. అతని తలంత. ఆ పెద్ద తల ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదు, లైమోనిస్‌కి పెడితే ముక్కు మీదికి జారుతుంది. ఒకావిడ క్లోవర్ పూలు ఏరుకునే నెపంతో అటు తిరిగిపోయింది. చేతులకేం తెలుస్తుంది పాపం, మనిషి పోయాడని చేతులకెవరు చెప్పారు. దాన్ని వ్యాను మెట్టుమీద పడేసి లోపలికొచ్చింది.

బయట పాటలు మొదలైనట్టున్నాయి. లీగో, లీగో అని సాగదీయడం అలలు అలలుగా వస్తోంది. ఇంత దగ్గర నుంచీ కూడా ఎక్కడో దూరాన, సముద్రం అవతలి ఒడ్డున పాడుతున్నట్టుంది, లేకపోతే తన చెవులే మూసుకుపోయాయో, ఈ ఏడాదిలో చాలానే మూసుకుపోయాయి. ఒకప్పుడైతే మొదటి పాట ఎత్తుకోవాల్సింది తను. మగవాళ్ళ గుంపు ఒకవైపు, ఆడవాళ్ళ గుంపు ఒకవైపు, నిప్పుల్లా మాటలు విసురుకోవాలి, నవ్వి నవ్వి పొట్టలు చెక్కలవ్వాలి. తెల్లారవచ్చే వేళకి ఏటేటా ఊల్దిస్ మాయం, చూస్తే వ్యానులో పడి గురక. అందరూ మేలుకునే ఒకే ఒక్క రాత్రి అతను మాత్రం నిద్ర. అప్పుడు ఔస్మా అందర్నీ వెంటబెట్టుకుని గరిటెలూ బకెట్లూ వాయించుకుంటూ వచ్చి వ్యాను చుట్టూ తిరిగి పాట అందుకునేది, ఏడాదికో కొత్త పాట, శీతాకాలం నుంచే కట్టి దాచుకున్నది. కాసేపటికి చిన్న కిటికీ అద్దం కీచుమని జరిగేది. చింపిరి జుట్టుతో, చెవి మీదికి ఒరిగిన కిరీటంతో సగం మొహం కనిపించేది. బొంగురు గొంతుతో జవాబు పాట వచ్చేది. ఎన్నేళ్ళైనా ఒకటే జవాబు, తను బద్ధకస్తుడని పాడినా అదే, పొట్టేలని పాడినా అదే:

పొద్దు పొడుపులన్నీ చూశా, లీగో, లీగో,
రొట్టెబండి తోలుకుంటూ, లీగో,
ఈ ఒక్కటీ మీరు చూసి, లీగో, లీగో,
ఎలా ఉందో చెప్పండి, లీగో!

ఏమయ్యా, నేను చలికాలమంతా బుర్ర చించుకుని కొత్త పాట కడితే, నువ్వు ఆ పాత పాటే పాడతావా, నా పాటకీ నీ జవాబుకీ పొంతనుందా అసలు, అని ఇంటికెళ్ళేదాకా సాధించేది. అతను నవ్వేవాడు. నీ గొంతు బాగుందే, అనేవాడు. గొంతు సంగతి ఎవడడిగాడు.

పోయినేడు కట్టిన పాట. దాన్ని తలుచుకోకూడదనే ఏడాదంతా రేడియోలో ఏ పాట వచ్చినా లేచి కట్టేసింది, వంటింట్లో కూనిరాగం కూడా తియ్యలేదు. కానీ ఇక్కడ, ఈ పరుపుమీద, ఈ వాసనలో, అది రాక ఎక్కడికి పోతుంది.

అమ్మకానికి మొగుడున్నాడు, లీగో, లీగో,
అడిగినోళ్ళకి ఊరికే ఇస్తా, లీగో,
గురక కూడా కలిపి ఇస్తా, లీగో, లీగో,
ఎవరైనా పట్టుకుపోండి, లీగో!

ఎంత నవ్వారో. లైమోనిస్ నేలమీద కూలబడి నవ్వాడు. మళ్ళీ పాడు ఔస్మా, మళ్ళీ పాడు అన్నారు, మళ్ళీ పాడింది. పైన్ చెట్ల వెనక ఆకాశం తెల్లబడుతోంది, బకెట్లు మోగుతున్నాయి, తను రేకుమీద అరచేత్తో బాదుతూ, ఎవరైనా పట్టుకుపోండి, ఎవరైనా పట్టుకుపోండి. కిటికీ జరగలేదు. మొద్దునిద్ర, చూడండి, అని ఇంకా గట్టిగా పాడింది. జరగలేదు. సరే, ఇలా కాదు నీ పని, అని మగ్గుతో చన్నీళ్ళు పట్టుకుని తలుపు తీసి, వెనక అందరూ తొంగిచూస్తుండగా, నవ్వుకుంటూ, మొహం మీద కొట్టింది. రెప్ప కదల్లేదు. నీళ్ళు చెవి పక్కనించి తలగడమీదికి కారాయి. కిరీటం గుండెలమీద పెట్టుకుని పడుకున్నాడు, రెండు చేతులూ దానిమీదే. ఆ తర్వాత పొద్దు ఎలా పొడిచిందో ఎవరూ చూడలేదు, తను మళ్ళీ బయటికి చూసేసరికి ఎండ గడ్డిమీదంతా పరుచుకుని ఉంది.

నిద్రలోనే పోయాడమ్మా, ఏ బాధా పడలేదు, అన్నాడు డాక్టరు. ఎప్పుడు, అని అడిగింది తను. ఏ జాములోనో, తెల్లారే ముందు. పాటకి ముందా, తర్వాతా. ఆయన తెల్లబోయి చూశాడు, ఆ ప్రశ్న ఆయనకేం అర్థమవుతుంది. ఎవరికీ అర్థం కాదు, ఎవరితోనూ అనలేదు కూడా. ముందే పోయుంటే సరే, శవాన్ని ఎగతాళి చేసిన పెళ్ళాం అవుతుంది, మొయ్యగలదు. కానీ అప్పటికింకా ఉంటే, ఒంటరిగా ఈ మంచంమీద ఆ ఆఖరి ఊపిరి లాగుతూ, లేవలేక, చెయ్యెత్తి అద్దం జరపలేక, బయటినుంచి పెళ్ళాం గొంతు, ఊరికే ఇస్తా, పట్టుకుపోండి అని, దానికి అందరి నవ్వూ. అదే చెవిలో పడి పోయుంటే. అడిగినట్టే ఎవరో వచ్చి పట్టుకుపోయారు కదా, ఊరికేనే. ఔస్మా తలగడలో మొహం దాచుకుంది. ఏడాదైంది, రోజూ ఇదే ప్రశ్న, పడుకోబోతే ఇదే, రొట్టె కోస్తుంటే ఇదే, విన్నావా, ఊల్దిస్, విన్నావా.

ధన్ ధన్ ధన్‌మని రేకు మోగింది. ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మళ్ళీ మోగింది, గరిటెతో వాయిస్తున్న చప్పుడు, ఆపైన గొంతు, ఆ గొర్రెల్ని అదిలించే గొంతు, బైబాది, పాట పాడుతోంది. బైబా ఒక్కతే. ఇంకెవరూ గొంతు కలపడం లేదు, ఎవరూ నవ్వడం లేదు. ఏం పాడుతోందో తెలియడం లేదు, మాటలేవీ రావడం లేదు. రాగం వస్తోంది, లీగో, లీగో వస్తోంది, గొంతు ఎవరిదో తెలుస్తోంది, అంతే, మిగతాదంతా గోడలో ఎక్కడో ఇంకిపోతోంది. చెవి రేకుకి ఆనించింది. లీగో. అంతే. గబగబా వెళ్ళి తలుపు తీసింది. బైబా కందగడ్డలా ఎర్రబడిన మొహంతో, చేతిలో గరిటెతో నిలబడి ఉంది. వెనకాల ఆడవాళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకుని ఉన్నారు.

"ఏం పాడావే?"

"కొడితే కొట్టు వదినా. మంట అంటించే వేళైంది, నువ్వు చూస్తే తలుపేసుకుని పడుకున్నావు. ఊరుకోవడం నా వల్ల కాలేదు." బైబా గరిటె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నీ పాటే పాడా. అమ్మకానికి వదినుంది, ఊరికే ఇస్తాం, పట్టుకుపోండి అని."

"గట్టిగానే పాడావా?"

"ఊరవతలకి వినపడేట్టు పాడా. ఇదిగో వీళ్ళంతా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు."

"మళ్ళీ పాడు."

"ఏంటి?"

"నేను లోపలికెళ్ళి తలుపేసుకుంటా. నువ్వు మళ్ళీ పాడు, అదే పాట, మాట మార్చకుండా, పోయినేడు నేను నిలబడ్డ చోటే నిలబడి."

వదినకి మతి చెడిందనుకునే ఉంటుంది బైబా, అయినా పాడింది. ఔస్మా మంచంమీద అతను పడుకున్నట్టే వెల్లకిలా పడుకుంది, చేతులు గుండెలమీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గరిటె మోగింది. ఊరికే ఇస్తా అనేచోట, పట్టుకుపోండి అనేచోట, ఎక్కడెక్కడ ఏ మాట పడాలో తనకి కంఠతా వచ్చు, కట్టిన మనిషే కదా. అయినా ఒక్కటంటే ఒక్కటి లోపలికి రాలేదు. ఉన్ని. నీకు నిద్రపట్టదే అని కుక్కిన ఉన్ని. ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా పాటవేళ తను లోపల లేదు, ఎప్పుడూ బయటే, ఎప్పుడూ గొంతు చించుకుంటూనే. ఓరి నీ దుంపతెగ ఊల్దిస్, బద్ధకస్తుడన్నా పొట్టేలన్నా నీకు ఒకటే జవాబు ఎందుకొచ్చేదో ఇప్పుడు తెలిసింది. ఒక్క పాటైనా విన్నావా, ఒక్క మాటైనా. నా గొంతు వినపడగానే కిటికీ తీసి నీ పాట నువ్వు పాడేసేవాడివి. నేను చలికాలాలన్నీ కూర్చుని కట్టినవన్నీ వృథాయేనా. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపు తన్నుకొచ్చింది, ఏడాదిగా రానంత ఏడుపు. విన్నావా అంటే, విన్నావు. ఉన్నావో పోయావో, ఉంటే మాత్రం విన్నావు. నా గొంతు విన్నావు. మాటలు కాదు.

బయట పాట అయిపోయింది. జవాబు చెప్పడం ఇక తన వంతు, ఎగతాళి చేయించుకున్నవాళ్ళు జవాబు చెప్పకుండా ఉండిపోతే ఆ పాట అలాగే గాల్లో వేలాడుతుందంటారు, పోయినేటిది ఇంకా అలాగే వేలాడుతోంది. ఔస్మా మోకాళ్ళమీద లేచి చిన్న కిటికీ అద్దం పట్టుకుని లాగింది. అతని చెయ్యి జరిపాక ఇంకెవరూ జరపలేదు, రానంది. రెండు చేతులతో లాగితే కీచుమని జరిగింది. ఒక్కసారిగా సముద్రం చప్పుడూ, కాలని కట్టెల వాసనా, మనుషుల ఊపిరీ లోపలికొచ్చాయి. తల బయటికి పెట్టి, బొంగురుపోయిన గొంతుతో, అతని రాగంలోనే ఎత్తుకుంది, పొద్దు పొడుపులన్నీ చూశా, లీగో, లీగో. లైమోనిస్ తల వంచేశాడు. రొట్టెబండి తోలుకుంటూ అనేదాకా బాగానే వచ్చింది. ఈ ఒక్కటీ మీరు చూసి దగ్గర ఆగిపోయింది, ఎవరూ అందివ్వలేదు, తనే పూర్తిచేసింది. ఎలా ఉందో చెప్పండి, లీగో.

బైబా గరిటె జారవిడిచి, శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంటూ, కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"వదినా, ముప్పై ఏళ్ళు అడిగాడు కదా. ఒక్కసారైనా చెప్పామా అన్నయ్యకి, ఎలా ఉందో?"

చెప్పలేదు. ఒక్కసారీ చెప్పలేదు. అతను పాడగానే అందరూ పకపకా నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు, పాటలో మాటే కదా అనుకున్నారు, ఎవరూ అతని పాట వినలేదు. ఔస్మా కిందికి వంగి రొట్టెల ట్రే లాగింది. తువ్వాలు విప్పింది. లైమోనిస్ మంట అంటించాడు, సూర్యుడి అంచు సముద్రాన్ని తాకుతుండగా. తెచ్చావన్నమాట, అని బైబా అనలేదు, పక్కకి జరిగి దారిచ్చింది, అంతే. ఔస్మా ఆ కిరీటాన్ని మంట అంచున పెట్టింది, విసరలేదు. ఆ రెండు వెంట్రుకలు తీసి దాచుకుందామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. ఎండుటాకులు చిటపటమని సగం పాట పాడేంత సేపు కూడా పట్టకుండా అయిపోయాయి. పొద్దున పొరపాటున అల్లిన కొత్తదాన్ని లైమోనిస్ అడగకుండానే మెట్టుమీంచి తీసి వ్యాను ముందు దీపాల మధ్య తగిలించాడు.

అందరూ మంటవైపు, సముద్రంవైపు తిరిగి పాడుతున్నారు. ఔస్మా ఒక్కతే వచ్చి వ్యాను మెట్టుమీద కూర్చుంది, మంటకి వీపు పెట్టి, పైన్ చెట్లవైపు మొహం పెట్టి. బైబా దుప్పటి తెచ్చి భుజాలమీద వేసి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"ఇటు కూర్చున్నావేంటి? పొద్దు పొడవడానికి ఇంకా చాలా టైముంది."

"ఉండనీ. కునుకు పడితే గిల్లు."

"గట్టిగానే గిల్లుతా."

చెట్ల వెనక ఆకాశంలో ఇంకా ఏమీ లేదు. ఔస్మా రెప్ప వెయ్యకుండా అటే చూస్తూ కూర్చుంది, ఎలా ఉందో చెప్పాలి కదా.